రోజు విడిచి రోజు

కుక్కర్‌కి వెయిట్ పెడుతుండగా ఇంటర్‌కమ్ మోగింది. కింద గేటు దగ్గరి గార్డు. "మేడమ్, చౌథీ మంజిల్ వాలీ ఆంటీ ఖతమ్ హో గయీ. ఆంబులెన్స్ అందర్ ఆ రహీ హై" అని చెప్పి పెట్టేశాడు. నాలుగో అంతస్తు ఆంటీ అయిపోయిందట, ఆంబులెన్స్ లోపలికి వస్తోందట. కొరియర్ వచ్చిందని చెప్పేటప్పుడు కూడా అతని గొంతు అలాగే ఉంటుంది. నేను స్టవ్ ఆపేసి, తడి చేతులతోనే లిఫ్ట్ దగ్గరికి పరుగెత్తాను.

ఆ కబురు అలా చెప్పినందుకు ఆంటీ అయితే అతన్ని మెచ్చుకునేవారు. చావుని చావు అనడానికి మొహమాటపడేవాళ్ళంటే ఆవిడకి చిరాకు. వాళ్ళ మరిది పోయినప్పుడు పరామర్శకి వచ్చినావిడ ఎవరో "దేవుడు పిలిచాడు, వెళ్ళిపోయారు" అంటే, "దేవుడు పిలవలేదమ్మా, సిగరెట్లు పిలిచాయి" అన్నారట, పక్కనే ఏడుస్తూ కూర్చున్న తోడికోడలు వినేలా. ఈ సంగతి నాకు ఆవిడే చెప్పారు. చెప్పి, "తప్పేముంది? నిజమే కదా" అన్నారు.

ఢిల్లీ మయూర్ విహార్‌లో మా సొసైటీలో తెలుగువాళ్ళం కొద్దిమందిమే. ఇక్కడి తెలుగు సంఘం పత్రికకి ఆవిడ గురించి నాలుగు ముక్కలు రాసిమ్మని అడిగారు. ప్రేమమూర్తి, అన్నపూర్ణ, అందరికీ తలలో నాలుక అని రాసేస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు, ఒక్క ఆవిడకి తప్ప. ఆవిడ నోరు కత్తి. ఇలాంటప్పుడు "మనసు మాత్రం వెన్న" అని వాక్యం పూర్తి చేయడం ఆనవాయితీ. కానీ ఆవిడ మనసు కూడా అంత మెత్తనిదేం కాదు. నాకు మాత్రం ఆవిడంటే ప్రాణం. ఈ రెండూ నిజమే, రెండూ రాస్తాను.

మేము వరంగల్ నుంచి వచ్చి ఇక్కడ ఫ్లాట్ అద్దెకి తీసుకున్న కొత్తలో, ఎదురు బ్లాక్‌లో తెలుగువాళ్ళున్నారని తెలిసి పప్పుచారు గిన్నె పట్టుకెళ్ళాను. ఆంటీ గుమ్మంలోనే గరిటెడు చేతిలో పోసుకుని రుచి చూశారు. "మీ వైపు చింతపండు తినే బతుకుతారా?" అన్నారు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. వెనక నుంచి అంకుల్ "లోపలికి రా అమ్మా, ఆవిడ అలాగే అంటుంది" అన్నారు. మర్నాడు గిన్నె తిరిగొచ్చింది, నిండా ఉలవచారుతో. అది తెచ్చి ఇస్తూ కూడా "నిన్నటి నీ చారు పారబోశాను" అని చెప్పి మరీ వెళ్ళారు.

సొసైటీలో వాళ్ళిద్దరూ అందరికీ తెలిసింది బ్యాగుల వల్ల. అరవై దాటిన మొగుడూ పెళ్ళాం, కాలేజీ పిల్లల్లా వీపున బ్యాగులు తగిలించుకుని, ఏడాదికి ఒకటి రెండుసార్లు మెట్రో స్టేషన్ వైపు నడిచి వెళ్ళేవారు. ఎయిర్‌పోర్ట్‌కి ట్యాక్సీ కూడా కాదు. శ్రీలంక, థాయ్‌లాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం, మలేషియా, ఇండోనేషియా. ఎక్కడ ఎండ మండిపోతుందో, ఎక్కడ వాన తెరిపివ్వకుండా కురుస్తుందో అక్కడికే. చలి దేశాలకి ఎందుకు వెళ్ళరని అడిగితే "ఢిల్లీ జనవరి చాలదా?" అనేవారు ఆంటీ. టూర్ కంపెనీ లేదు, గైడ్ లేడు. బస్సులు, పడవలు, గెస్ట్‌హౌస్‌లు. తెలిసినవాళ్ళంతా "ఎంత అన్యోన్యమో!" అని మురిసిపోయేవారు. వాళ్ళకి అసలు సంగతి తెలియదు.

అంకుల్ కేంద్ర ప్రభుత్వంలో అండర్ సెక్రటరీగా రిటైరయ్యారు. సర్వీసంతా ఫైళ్ళ మీద నోట్ పెట్టిన మనిషి. రిటైరైన వారంలోనే హైదరాబాద్ టూర్ కంపెనీ వాళ్ళ సింగపూర్ ప్యాకేజీ తెచ్చి చూపించారట. తెలుగు వంటవాడు వెంట వస్తాడు, ఏ దేశంలో అయినా పొద్దున్నే ఇడ్లీ ఉంటుంది. ఆంటీ ఆ కాగితం మడిచి కిటికీ అద్దం కదలకుండా సందులో దోపారట.

"ఇన్నేళ్ళూ మీ ట్రాన్స్‌ఫర్లు, మీ సెలవులు, మీవాళ్ళ పెళ్ళిళ్ళు. అన్నీ మీ రోజులే. నేను వస్తాను. గుంపుతో కాదు, మనిద్దరమే. రోజు విడిచి రోజు. ఒక రోజు మీది, ఒక రోజు నాది" అన్నారట.

రూలు ఇది. రోజు ఎవరిదైతే ఆ రోజు మాట వాళ్ళదే. ఎక్కడికి వెళ్ళాలి, ఏం తినాలి, ఎక్కడ పడుకోవాలి, అన్నీ వాళ్ళే చెబుతారు. రెండోవాళ్ళు సణగకూడదు, సలహా ఇవ్వకూడదు, ముఖం మాడ్చుకోకూడదు. పడవల్లో బస్సుల్లో తిరుగుతూ ఎవరి రోజో లెక్క తప్పితే రెండోవాళ్ళని అడగొచ్చు. అడిగితే నిజమే చెప్పాలి. అంకుల్ నవ్వి ఒప్పుకున్నారు. ఆయన దీన్ని ఆట అనుకున్నారు.

కొలంబోలో మొదటి రోజు ఆంటీది. అంకుల్ క్యాండీ వెళ్దామని రైళ్ళన్నీ చూసి పెట్టుకున్నారు. ఆంటీ ఆయన్ని సముద్రం ఒడ్డున సిమెంటు దిమ్మ మీద కూర్చోబెట్టి, బండివాడి దగ్గర రొయ్యలు గుచ్చిన వడలు తింటూ పొద్దుగూకే దాకా అలలు చూశారు. అంకుల్ శాకాహారి. ఆ వాసన ఆయనకి పడదు. ఒక్క మాట అనలేదు. పెనాంగ్‌లో ఆవిడ రోజున దురియన్ పండు కొని, కోసి, తొన తొనా ఆయన నోటికి అందించారట. మురుగు కంపు కొట్టే ఆ పండుని ఆయన వాంతి ఆపుకుంటూ మింగారట. ఇది చెబుతూ ఆంటీ పడి పడి నవ్వేవారు. అంకుల్ కూడా నవ్వేవారు, కాస్త ఆలస్యంగా.

ఆయనేమీ తక్కువ తినలేదు. లావోస్‌లో ఆయన రోజున కొండ మీది గుడికి ఆంటీని మెట్లెక్కించారు. అప్పటికే ఆవిడ మోకాళ్ళు వాచిపోయి ఉన్నాయి. మధ్యలో ఆగుదామని అనకూడదు కాబట్టి ఆవిడ అనలేదు, ఆగమని ఆయనా అనలేదు. పైకి చేరాక ఆవిడ గోడకి ఆనుకుని కూర్చుంటే, ఆయన నది ఫోటోలు తీసుకున్నారు. ఆ తర్వాత రెండు రోజులు ఆవిడ నడవలేకపోయారు. "అందులో ఒకటి నా రోజే. ఆ రోజంతా ఆయన చేత కాళ్ళు పిసికించుకున్నాను" అన్నారు.

వాళ్ళ ఫ్రిజ్ మీద ఒక ఫోటో ఉంది. వియత్నాంలో తీసింది. ఆంటీ ప్యాంటూ చొక్కా వేసుకుని, వెదురు టోపీ పెట్టుకుని నిలబడ్డారు. పుట్టి బుద్ధెరిగాక చీర తప్ప ఏదీ కట్టని మనిషి. ఆయన రోజున దర్జీ దగ్గరికి తీసుకెళ్ళి కొలతలు ఇప్పించి, "ఇవాళ ఇదే వేసుకోవాలి" అన్నారట. ఆ ఫోటోలో ఆవిడ ముఖం చూస్తే ఎంత సంతోషంగా ఉన్నారో తెలుస్తుంది.

"మీకు ఇష్టమే ఉండె గదా ఆంటీ, మీ రోజున మీరే వేసుకోవచ్చు గదా?" అని అడిగాను.

"నా రోజున వేసుకుంటే సిగ్గు నాది. ఆయన రోజున వేసుకుంటే సిగ్గు ఆయనది" అన్నారు.

ఆవిడ మాటల్లో నాకు బాగా గుర్తుండిపోయినవాటిలో అదొకటి. పెళ్ళయిన ఆడది ఇంత తేలిగ్గా ఊపిరి పీల్చుకునే దారి ఒకటుందని అంతకు ముందు నాకు తోచలేదు.

ఆ మాట విని ఉత్సాహపడి, మేమూ మొదలుపెట్టాం. మా ఆయనా నేనూ బాలి వెళ్ళాం, రోజు విడిచి రోజు రూలుతో. ఆయన రోజున నేను ఫోన్‌లో మ్యాప్ చూసి దారి చెప్పకుండా ఉండలేకపోయాను. నా రోజున ఆయన ముఖం మాడ్చుకున్నాడు. వారం తిరక్కుండా ఎవరి భోజనం వాళ్ళు చేసి, ఎవరి ఫోన్ వాళ్ళు చూసుకుంటూ విమానం ఎక్కాం. తిరిగొచ్చి ఆంటీకి చెప్పుకుని ఏడిచాను. ఆవిడ ఓదార్చలేదు.

"ఎవరి రోజున చెడింది?" అన్నారు.

"నా రోజునే ఆంటీ. ఏం చెయ్యాల్నో నాకే సమజ్ కాలే. ఆయనకి బీచ్ ఇష్టమని బీచ్‌కి పోదామన్న. అక్కడికి పోయినంక ఇదెందుకు, వేరే ఏదన్నా చూద్దాం అన్నడు."

"నీకంటూ ఒక రోజు ఇస్తే దాన్ని కూడా తీసుకెళ్ళి మొగుడికే వడ్డించావు. ఇంకెందుకు నీకు రోజు? నీ మొహానికి ప్యాకేజీ టూరే సరి" అని, లేచి వెళ్ళి పాలు పొంగకుండా స్టవ్ తగ్గించి వచ్చారు.

ఆ మాటకి చాలా రోజులు ఆవిడతో మాట్లాడలేదు. కానీ ఆ తర్వాత ఎవరు "నీకేం కావాలి?" అని అడిగినా "ఏదైనా పర్లేదు" అనడం మానేశాను. ఆఫీసులో నోయిడా నుంచి గుర్‌గావ్ మారమన్నప్పుడు మారనని చెప్పాను. మా అత్తగారు వచ్చినప్పుడు ఆదివారం పొద్దున లేవనని చెప్పాను. ఇవి చిన్నవే. ఎవరైనా మెత్తగా చెప్పి ఉంటే నాకు ఎక్కేవి కావు.

ఇక కంబోడియా సంగతి. ఇది రాయాలా వద్దా అని ఆలోచించాను. రాయకపోతే ఆవిడ గురించి ఏమీ రాయనట్టే.

అంకుల్ ఆఫీసులో ఉన్నన్నాళ్ళూ బల్ల మీది అద్దం కింద అంగ్‌కోర్ వాట్ గుడి బొమ్మ ఒకటి ఉండేది, ఏదో పాత క్యాలెండర్ లోంచి కత్తిరించింది. సెక్షన్లు మారినా, బల్లలు మారినా ఆ బొమ్మ ఆయనతో పాటే మారేది. రిటైరైన రోజున దండలు, శాలువా అక్కడే వదిలేసి ఆ బొమ్మ ఇంటికి తెచ్చుకున్నారు. కంబోడియా వెళ్ళింది దాని కోసమే. అక్కడికి చేరగానే ఆయనకి జ్వరం, విరేచనాలు పట్టుకున్నాయి. రోజులన్నీ గెస్ట్‌హౌస్ మంచం మీదే గడిచాయి. జ్వరం తగ్గేసరికి ఒక్క రోజు మిగిలింది. ఆ మర్నాడు విమానం. మిగిలిన ఆ రోజు ఆంటీది.

ఒక శీతాకాలం మధ్యాహ్నం వాళ్ళ బాల్కనీలో ఎండకి కూర్చుని, ముగ్గురం పచ్చి బఠాణీలు ఒలుస్తుండగా ఆవిడ ఈ సంగతి చెప్పారు.

"పొద్దున్నే లేచి స్నానం చేసి, బూట్లు వేసుకుని, టోపీ పెట్టుకుని మంచం మీద కూర్చున్నారు. అడగకూడదు కదా, నా మొహంలోకి చూస్తున్నారు. ఇవాళ ఎక్కడికీ వెళ్ళట్లేదండీ, వరండాలో కూర్చుందాం అన్నాను."

"ఏంది ఆంటీ, అంత దూరం పోయి?"

"గుడి అక్కడికి దగ్గరేనమ్మా. గెస్ట్‌హౌస్‌లో వాళ్ళందరూ ఆటోలు ఎక్కి వెళ్తున్నారు. మేం కూర్చుని చూశాం. నేను రంబుటాన్ పళ్ళు ఒలుచుకు తిన్నాను. ఈయనకీ పెట్టాను. సాయంత్రం దాకా కూర్చున్నాం. చీకటి పడుతుంటే, ఇంక బూట్లు విప్పుకోండి అన్నాను."

అంకుల్ బఠాణీ కాయ ఒలుస్తూనే ఉన్నారు. "విప్పాను" అన్నారు.

ఎందుకలా చేశారని అడిగాను.

"బెజవాడ స్టేషన్‌లో బండి ఆగినప్పుడు నేనూ చెప్పులు వేసుకునే కూర్చున్నాను" అన్నారు ఆంటీ.

ఆ కథ ఇది. పెళ్ళయిన కొత్తలో ప్రభుత్వం ఇచ్చే సెలవు ప్రయాణం, ఎల్టీసీ మీద కన్యాకుమారి బయల్దేరారు. ఆంటీ నాన్నగారు బెజవాడ ఆసుపత్రిలో ఉన్నారు. ఆ కబురు బయల్దేరే ముందే తెలిసింది. బండి బెజవాడలో ఆగుతుంది, అక్కడ దిగిపోదామని ఆవిడ అన్నారు. దిగితే మధ్యలో ప్రయాణం ఆపినట్టవుతుంది, క్లెయిమ్ మీద అబ్జెక్షన్ వేస్తారు, తిరుగు ప్రయాణంలో చూద్దాం అని ఆయన అన్నారు. ఆవిడ తమ్ముడు ప్లాట్‌ఫారం మీదికి వచ్చి, కిటికీ ఊచలు పట్టుకుని "నాన్న నిన్నే అడుగుతున్నాడు, ఒక్క గంట వచ్చి పోవే" అన్నాడు. ఆంటీ చెప్పులు వేసుకుని, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఆయన ఊఁ అంటే దిగుదామని. ఆయన అనలేదు. బండి కదిలింది. తిరుగు ప్రయాణానికి ఆవిడ నాన్నగారు లేరు.

"చాలా ఏళ్ళకి తెలిసింది, అలాంటి రూలే లేదని. దారిలో ఎక్కడైనా దిగొచ్చట. సర్వీసంతా అందరికీ రూల్స్ చెప్పిన మనిషి. ఈ రూలు మాత్రం చదవలేదు" అన్నారు ఆంటీ.

"చదివాను. తప్పుగా చదివాను" అన్నారు అంకుల్.

మళ్ళీ బఠాణీలు. నేను ఉండబట్టలేక "మళ్ల పోవచ్చు గదా అంకుల్, ఇప్పుడు ఎంత సేపు?" అన్నాను. ఆయన ఇంకో కాయ తీసుకున్నారు. ఆంటీయే అన్నారు: "వెళ్ళొచ్చు. ఆయన రోజున పదమంటే నేను నోరెత్తలేను కదా. ఆయనే అనట్లేదు. తర్వాత రెండుసార్లు ఆ పక్క దేశాల దాకా వెళ్ళాం. అక్కడా అనలేదు."

ఇది ప్రేమా, పగా అని మా ఆయన అడుగుతాడు. నాకు పగే అనిపిస్తుంది. కానీ ఆ పగ తీర్చుకోవడానికి కూడా ఒకరికొకరు తప్ప వాళ్ళకి ఇంకెవరూ అక్కర్లేకపోయింది. కథ అయ్యాక ఒలిచిన బఠాణీల్లో సగం నాకు కవర్‌లో పోసిచ్చి, "ఫ్రీజర్‌లో పెట్టుకో, మళ్ళీ అడగొద్దు" అన్నారు.

ఊరూ వాడా తిరగడం తగ్గాక కూడా ఆ రూలు ఇంట్లో సాగింది. ఈ రోజు ఏం కూర, ఏ ఛానెల్, ఎవరిని భోజనానికి పిలవాలి, అన్నీ రోజు విడిచి రోజే. ఆవిడ రోజున ఆయన గీజర్ కూడా అడగకుండా వేసేవారు కాదు.

ఆంటీ ఊపిరితిత్తులు చెడిపోతున్నాయని రెండేళ్ళ క్రితం తెలిసింది. ఆవిడ జన్మలో సిగరెట్ ముట్టలేదు. ఢిల్లీ గాలి చాలింది. దీపావళి తర్వాత ఆ పొగలో మెట్లు దిగడమే కష్టమైపోయింది. అప్పుడే ఒకరోజు కూతురినీ, అంకుల్‌నీ, నన్నూ కూర్చోబెట్టి చెప్పారు. కూతురు గుర్‌గావ్‌లో ఉంటుంది. తెలుగు అర్థమవుతుంది కానీ హిందీలోనే మాట్లాడుతుంది.

"మా అక్కని గొంతులో గొట్టం పెట్టి పడుకోబెడితే చూశాను. నాకు అది వద్దు. ఊపిరి ఆడకపోతే ఆడదు. నాకు గొట్టం వేయించారో, ఎవరినీ క్షమించను."

"మమ్మీ, ప్లీజ్, ఐసీ బాతే మత్ కరో" అని, అలాంటి మాటలు వద్దంటూ కూతురు చెవులు మూసుకుంది. అంకుల్ తలూపారు. ఆయన తలూపడం నేను చూశాను.

జనవరిలో ఆసుపత్రిలో చేర్చారు. నా ఆఫీసుకి దగ్గర కాబట్టి పొద్దున ఒకసారి వెళ్ళి చూసి పోయేదాన్ని. ఆ రోజు పొద్దున నేను వెళ్ళేసరికి అంకుల్ ఐసీయూ బయట బెంచీ మీద టిఫిన్ డబ్బాతో కూర్చుని ఉన్నారు. "ఇవాళ ఆవిడ రోజమ్మా. ఇడ్లీ వద్దు, ఉప్మా తెమ్మంది. అల్లం ఎక్కువేసి తెమ్మంది. డాక్టర్ తిననివ్వడు, అయినా తెచ్చాను" అన్నారు. నవ్వుతూనే చెప్పారు.

మమ్మల్నిద్దరినీ లోపలికి పిలిచారు. ఆంటీ మాస్క్ పెట్టుకుని, ఎగశ్వాసతో ఉన్నారు. తెలివి మాత్రం పూర్తిగా ఉంది. నన్ను చూసి "ఆఫీసు ఎగ్గొట్టావా?" అన్నట్టు కనుబొమ్మలు ఎగరేశారు. ఒక కుర్ర డాక్టర్ వచ్చి, మంచం మీది మనిషిని దాటుకుని, అంకుల్‌తో మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆక్సిజన్ పడిపోతోంది, వెంటనే వెంటిలేటర్ పెట్టాలి, ఆలస్యం చేస్తే చేయి దాటిపోతుంది. ఒప్పుకోమని ఫోన్‌లో కూతురు అరుస్తోంది, "పాపా, ఆప్ బస్ హాఁ బోలో!" అని. దారిలో ట్రాఫిక్‌లో ఉంది.

ఆంటీ మాస్క్ పక్కకి జరిపారు. నర్సు వద్దంటున్నా జరిపారు.

"ఏవండీ, ఇవాళ ఎవరిది?"

అంకుల్ ఆవిడ ముఖంలోకి చూడలేదు. మంచం కమ్మీ పట్టుకున్న తన చేతినే చూసుకుంటూ "నాది" అన్నారు.

నేను పక్కనే ఉన్నాను. చేతిలో ఆ ఉప్మా డబ్బా నేనే పట్టుకుని ఉన్నాను. ఆంటీ ఆయన్ని చాలా సేపు చూశారు. ఆ చూపు నా మీదికి కూడా ఒకసారి వచ్చి పోయింది. తర్వాత "సరే" అన్నారు. మాస్క్ తనే సర్దుకుని, గోడ వైపు తిరిగారు. అదే ఆవిడ ఆఖరి మాట.

ఆవిడ అయోమయంలో అడిగారని కూతురు అనుకుంటోంది. కాదు. పొద్దున అల్లం ఎక్కువేసి ఉప్మా తెమ్మని పురమాయించిన మనిషి, అంతలోనే ఎవరి రోజో మర్చిపోరు. ఆవిడకి తెలుసు. ఆయన ఏం చెబుతారో వినాలని అడిగారు. ఆయన కోసం ఒప్పుకున్నారు, అది ఆవిడ పెద్దమనసు అని మా ఆయన అంటాడు. నేను ఆవిడని ఎరుగుదును. పెద్దమనసు కాదు. వద్దని చేత్తో సైగ చేసి ఉంటే డాక్టర్ ఆగేవాడు. ఆవిడ "సరే" అన్నారు. ఆ అబద్ధాన్ని ఆయన దగ్గరే వదిలి వెళ్ళారు.

ఆ తర్వాత పది రోజుల పైన బతికారు, దాన్ని బతకడం అనాలంటే. గొట్టం లాగేసుకుంటున్నారని చేతులు రెండూ కట్టుగుడ్డతో మంచానికి కట్టేశారు. కళ్ళు తెరిచేవారు, మూసేవారు. అంకుల్ సాయంత్రం వెళ్ళి, ఇచ్చిన ఆ కాసేపూ కాళ్ళ దగ్గర నిలబడి వచ్చేసేవారు. తల దగ్గరికి వెళ్ళేవారు కాదు. డాక్టర్లు ఏది అడిగినా, ఆవిడ రోజున "రేపు చెబుతాను" అనేవారట. డాక్టర్లకి కోపం వచ్చేది. రేపు ఎందుకో వాళ్ళకి తెలియదు. చనిపోయాక కూతురు అందరికీ "మమ్మీ ఫైటర్ థీ, ఆఖిర్ తక్ లడీ" అని చెప్పింది. ఆఖరి దాకా పోరాడిందట. చేతులు కట్టేస్తే పోరాటం ఎక్కడ? నేను నోరు మూసుకున్నాను. ఆంటీ అయితే ఊరుకునేవారు కాదు.

ఇదంతా రాయవచ్చా అని అంకుల్‌ని అడిగే రాస్తున్నాను. "రాయి" అన్నారు. "ఆసుపత్రిల మాట కూడానా అంకుల్?" అన్నాను. "అదే రాయి. మిగతావి ఎవరైనా రాస్తారు" అన్నారు. నేను లేవబోతుంటే, "ఇవాళ నా రోజే, సరిచూసుకునే చెబుతున్నాను" అన్నారు.

అప్పుడు నాకు ఆ మాట అర్థం కాలేదు. కర్మ అయ్యాక కూతురు గుర్‌గావ్ రమ్మని ఎంత బతిమాలినా ఆయన కదల్లేదు. ఆమె వెళ్ళిన కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం, అన్నం డబ్బా పట్టుకుని వెళ్ళాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. పేపర్ గుమ్మం దగ్గరే పడి ఉంది. లోపల పరదాలు సగమే తీసి ఉన్నాయి, లైటు వేయలేదు, వంటింట్లో స్టవ్ ముట్టించిన జాడ లేదు. అంకుల్ స్వెట్టర్ వేసుకుని హాల్లో కుర్చీలో కూర్చుని ఉన్నారు.

"లైటేసుకోలేదేంది అంకుల్? తిన్నరా?"

"ఇవాళ ఆవిడ రోజమ్మా" అన్నారు. "ఏం చెయ్యాలో చెప్పలేదు."

డబ్బా బల్ల మీద పెట్టి మూత తీశాను. ఆయన ఆకలితో ఉన్నారని ముఖం చూస్తే తెలుస్తోంది. ఎలాగైనా తినిపించాలని "ఇయ్యాల మీదే అంకుల్. ఆంటీది నిన్ననే అయిపోయింది, మీరే లెక్క తప్పిన్రు" అన్నాను.

ఆయన నా వైపు తిరిగారు. కోపం లేదు. "ఆ మాట నేను ఆవిడకి ఒకసారి చెప్పానమ్మా. నువ్వు నాకు చెప్పకు. డబ్బా అక్కడ పెట్టి వెళ్ళు, రేపు తింటాను" అన్నారు.

మూత పెట్టేసి వచ్చేశాను.

మా వంటింటి కిటికీలోంచి వాళ్ళ హాలు కనిపిస్తుంది. ఒక సాయంత్రం ట్యూబ్‌లైట్ వెలుగుతుంది, టీవీలో వార్తలు నడుస్తాయి, ఆయన అటూ ఇటూ తిరుగుతూ కనిపిస్తారు. మర్నాడు సాయంత్రం చీకటి. నిన్న గార్డు నన్ను గేటు దగ్గర ఆపి, అంకుల్ ఇంట్లో ఫ్యూజ్ ఊరికే పోతున్నట్టుంది, ఎలక్ట్రీషియన్‌ని పంపమంటారా అని అడిగాడు. వద్దన్నాను. ఇది రాస్తుండగా చుట్టూ ఫ్లాట్లలో ఒక్కొక్కటిగా లైట్లు వేస్తున్నారు. నాలుగో అంతస్తు కిటికీలో, కుర్చీ వీపు మీదుగా ఆయన తల మాత్రం నల్లగా కనిపిస్తోంది. ఇవాళ ఆంటీది.